సెలవులు ఎండల్లో, నీళ్లు వానల్లో

బడికి ఏప్రిల్ 24న తాళం పడితే మళ్లీ జూన్ 12న తీస్తారు. ఈ మధ్య ఏళ్లలో మన ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవుల లెక్క ఇంచుమించు ఇదే. ముసునూరు మండలంలో సరిగ్గా ఆ రోజుల్లోనే మామిడి కోతలు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్ కాయ వరసపెట్టి దిగుతుంటాయి. చిక్కం కర్ర పట్టి కాయ దించేవాడికి తొడిమ దగ్గర చిమ్మే సొన సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మెడ మీద పడితే చురుక్కుమంటుంది. కడుక్కోకపోతే మర్నాటికి నల్లమచ్చ, ఆ మర్నాటికి పుండు. దానికి తోడు రోళ్లు పగిలే రోహిణి ఎండ. పొద్దు వాలేసరికి ఒంటికి కావలసింది ఒకటే, మునగడానికి సరిపడా నీళ్లు.

ఆ నీళ్లు ఎక్కడున్నాయన్నదే ఈ వారం మన కథనం.

నూజివీడుకు తూర్పున ఉన్న ఈ మెట్ట మండలానికి సముద్రం చేరువలో లేదు. మచిలీపట్నం దాటి మంగినపూడి వెళ్లాలంటే తెల్లారకుండానే బయల్దేరాలి. ఉప్పునీళ్లలో తడిసి, ఇసుక దులుపుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. ఏడాదికోసారి వెళ్లే విహారయాత్ర అది. ఈతంటే తువ్వాలు భుజాన వేసుకుని రోజూ సాయంత్రం నడిచి వెళ్లి చేసొచ్చేది. నడిచి వెళ్లే దూరంలో ఏమున్నాయో ముందు చూద్దాం.

తోటలో బావి

ఒకప్పుడు తోటకో బావి. ఎద్దులతో మోట తోలిన కాలం పోయి ఆయిలింజన్లు వచ్చినా, వాటి వెనకే కరెంటు మోటార్లు వచ్చినా బావి మాత్రం అలాగే ఉండేది. విశాలమైన నోరు, చుట్టూ రాతి కట్టు, ఒక పక్క కట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి పలకలే మెట్లు. ఆ పలకల మీద దిగడమే ఈతలో మొదటి పాఠం. పైనున్నవి పొడిగా, అరికాలు చుర్రుమనేంత వేడిగా ఉంటాయి. నీటి అంచున ఉన్న పలకకు పాచి. దాని మీద మడమ మోపకుండా కాలివేళ్లు ఆనించి, రాళ్ల సందులో చేతివేళ్లు దూర్చి దిగాలి. పైపైన నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి, మోకాళ్లు దాటేసరికి కాళ్లు లాక్కునేంత చల్లగా ఉంటాయి. కట్టు సందుల్లో కాపురమున్న పావురాలు టపటపా లేస్తాయి. నీరుకట్టె పాము తల పైకెత్తి ఓసారి చూసి అవతలి గోడకు పోతుంది. దాన్ని చూసి బెదిరేది సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పట్నం పిల్లలే.

నేర్పడానికి కోచ్‌లెవరూ లేరు. మేనమామో బాబాయో పిల్లాడి నడుముకి మోకు కట్టి, కొస తన చేతికి చుట్టుకుని గట్టున నిలబడేవాడు. వీపున ఎండు సొరకాయ బుర్రలు కట్టేవారు. తర్వాత్తర్వాత నూనె డబ్బాలు, లారీ ట్యూబులు వచ్చాయి. కొన్నాళ్లయ్యాక మామయ్య చెప్పాపెట్టకుండా మోకు వదులు చేసేవాడు. పిల్లాడు కాళ్లూ చేతులూ తపతపా కొట్టుకుని, రెండు గుక్కలు తాగి, ఎలాగో గోడ పట్టుకుంటే ఈత వచ్చేసినట్టే లెక్క. ఇది మేలైన పద్ధతని నేననను. ఆ రెండు గుక్కల బెదురుతో మళ్లీ బావి ముఖం చూడనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే మోకు పట్టుకున్న మనిషి చూపు మాత్రం నీళ్ల మీంచి పక్కకు పోయేది కాదు. ఇప్పటి ఈతకొలనుల్లో ఫోన్ చూసుకుంటూ కూర్చునే పెద్దల్ని చూసినప్పుడు నాకు ఆ మోకు గుర్తొస్తుంది.

ఈత వచ్చినవాళ్లకు మామిడికాయే ఆటవస్తువు. ముదిరిన కాయ నీళ్లలో మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. కాయ కోతకొచ్చిందో లేదో తేల్చడానికి ఉద్యాన శాస్త్రవేత్తలు చెప్పే పరీక్షల్లో ఇదొకటి. పక్వానికొచ్చిన కాయ సాంద్రత నీటి సాంద్రతను కాస్త మించుతుంది. శాస్త్రంతో పనిలేని బావి పిల్లలు పెద్దరసం కాయను నడిబావిలోకి విసిరేవారు. అది అడుక్కి చేరేలోపు మునకేసి పట్టుకురావాలి. తెచ్చినవాడిదే కాయ. కళ్లు ఎర్రబడేదాకా, పెదాలు నీలం తిరిగేదాకా, గట్టు మీంచి అమ్మమ్మ కర్ర పట్టుకుని కేకలేసేదాకా ఆట సాగేది.

ఆ బావుల్లో ఇప్పుడు చాలావాటికి నీళ్లు లేవు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం పొలాలు తడిపి మన మెట్టకు చేరేసరికి మిగిలేది కొసరు. చివరి భూములవాళ్ల గోడు నూజివీడు ప్రాంతంలో ప్రతి రైతుకూ కంఠతా వచ్చు. పైనుంచి నీరు రాకపోతే రైతు కిందికి తవ్వుతాడు. బోర్లు పడ్డాయి. ఒక బోరు ఎండితే దాని పక్కనే ఇంకా లోతుకు మరొకటి. ఆ మీదట ఆయిల్‌పామ్ వచ్చింది. తమ్మిలేరు అవతల పెదవేగిలో దాని కోసం జాతీయ స్థాయి పరిశోధన కేంద్రం 1995లో వెలసింది. ఎదిగిన పామ్ చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్లకు పైగా నీళ్లు కావాలి. గెలకు ధర ఉన్నప్పుడు రైతు ఆ పంట వేయడంలో తప్పు పట్టలేం. కానీ వందల అడుగుల కిందినుంచి తోడుతుంటే నలభై అడుగుల బావి ఊట ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఎండిన బావిని ఉత్త గొయ్యి అనుకోకూడదు. ఆకులు కుళ్లి, గాలి ఆడక, అడుగున బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. పడిపోయిన మేకపిల్ల కోసమో, పూడిక తీయడానికో దిగిన మనిషి ఉన్నట్టుండి కూలబడిపోతే, అతన్ని తీయబోయి ఇంకొకరు, వాళ్ల కోసం మూడోవారు. ఇలాంటి వార్త ఏటా ఏదో ఒక జిల్లా నుంచి వస్తూనే ఉంది. దీపం దించి చూడమనేవారు పెద్దలు. దీపం ఆరితే దిగకూడదన్నది నిజం. ఆరకపోతే దిగొచ్చన్న పూచీ మాత్రం లేదు, కొన్ని విషవాయువులు దీపాన్ని ఆర్పవు.

ఏరు, చెరువు, కాలువ

బావి పోతే ఏరుందిగా అనొచ్చు. తమ్మిలేరు ఖమ్మం జిల్లా వైపు కొండల్లో పుట్టి, చింతలపూడి దగ్గర నాగిరెడ్డిగూడెం జలాశయంలో ఆగి, అక్కడినుంచి బలివే మీదుగా ఏలూరు చేరి, రెండు పాయలై కొల్లేట్లో కలుస్తుంది. నిన్నమొన్నటి దాకా కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలకు సరిహద్దు ఇదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి ముసునూరు ఏలూరు జిల్లాలో చేరడంతో ఏటికి ఆ ఉద్యోగం పోయింది. బలివే రామలింగేశ్వరుడి గుడి ఏటి ఒడ్డునే. మహాశివరాత్రి తిరునాళ్లకు చుట్టుపక్కల మండలాల జనమంతా అక్కడే ఉంటారు.

మే నెలలో అదే ఏట్లోకి దిగితే అరికాళ్లు కాలే ఇసుక తప్ప ఏమీ ఉండదు. చెలమ తీస్తే ఊరే నీళ్లు తాగడానికి పనికొస్తాయేమో గాని ఈదడానికి చాలవు. పైనున్న నాగిరెడ్డిగూడెం జలాశయం సామర్థ్యం 3 టీఎంసీలు. వానాకాలంలో పైన కురిస్తే గేట్లెత్తుతారు. అప్పుడు ఇక్కడ చుక్క పడకపోయినా ఏరు పొంగి వస్తుంది. రాత్రి ఇసుకలో నడిచి వెళ్లిన చోట పొద్దున్నే ఎర్రనీళ్లు సుడి తిరుగుతుంటాయి. ఇసుక తవ్వుకుపోయిన గోతులు ఆ నీటి కింద కనిపించవు. మొల లోతే కదా అని నడుస్తున్నవాడు ఒక్క అడుగు తేడాలో నిలువు లోతులోకి జారతాడు. ఏరు పారుతున్నప్పుడు దిగొద్దు, ఎండినప్పుడు దిగి లాభం లేదు. ఈత చోటుగా తమ్మిలేరుకు నేనిచ్చే మార్కులు సున్నా.

చెరువుల సంగతీ అంతే, కొంచెం మెరుగు. వేసవిలో నడిమధ్య బురదగుంట మిగులుతుంది, చుట్టూ నెర్రెలు. ఆ నెర్రెల్లోనే ట్రాక్టర్లు, జేసీబీలు దిగి మట్టి తోలుకుపోతాయి. పూడిక తీయడం మంచిదే. కానీ పాతకాలం పూడికతీత గట్టునుంచి నడిమికి వాలుగా సాగేది. ఇప్పటిది ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ, గోడ కోసినట్టు నిలువుగా. ఆగస్టులో నీళ్లు నిండాక ఆ గుంతలు ఎక్కడున్నాయో ట్రాక్టరు తోలినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. గేదెలు కడగడానికి దిగిన పిల్లలు పోయేది అక్కడే.

ఇక పోలవరం కుడి కాలువ. 174 కిలోమీటర్ల పొడవున గోదావరిని కృష్ణ దాకా మోసుకొచ్చే ఈ కాలువలో పట్టిసీమ మోటార్లు తిరిగితే 8,500 క్యూసెక్కుల దాకా పారుతుంది. 2015 సెప్టెంబరులో మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు తమ్మిలేరు మీద అక్విడక్టుకు గండిపడి జనం గుమిగూడి చూశారు. నిండుగా, నిదానంగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దిగడం తేలికే, ఎక్కడమే కుదరదు. సిమెంటు లైనింగు వాలుకు పాచి పట్టి, చేతికి దొరికే రాయీ రెమ్మా లేక, మంచి ఈతగాడు కూడా అలా కొట్టుకుపోతూనే ఉంటాడు. ఈ కాలువలో ఈదొద్దని బోర్డు పెట్టడంతో సరిపెట్టకుండా, ఊళ్లున్న ప్రతి చోటా లైనింగు మీద ఇనుప నిచ్చెనలు, అడ్డంగా పట్టుకోవడానికి గొలుసులు ఉండాలి. కొత్త కాలువ తవ్వే ఖర్చులో అదెంత?

కారెక్కి వెళ్లేవారికి

సెలవులకు కుటుంబమంతా కదిలితే రెండు దారులు. నైరుతిన విజయవాడ. 1852లో మొదలై 1855కి పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో, 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని ఎగువన కృష్ణలో వేసవిలోనూ కొంత నీళ్లుంటాయి. 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్లున్నాయి. స్నానానికి సరే. ఈతకు మాత్రం చివరి మెట్టే హద్దు అనుకోవాలి. ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర ఫొటోలు దిగి వచ్చేయడం ఉత్తమం. ఈశాన్యాన గోదావరి. పట్టిసీమ వీరేశ్వరుడి గుడి ఉన్న లంకకు వేసవిలో ఇసుకతిన్నెలు బయటపడతాయి. ఒడ్డున పాదాలు మునిగే నీటిలో పిల్లల్ని ఆడించొచ్చు. అంతకు మించి ఆశపడొద్దు, నదిలో ఇసుకమేట అంచు ఎక్కడ తెగుతుందో పడవవాళ్లకే తెలుసు.

నిజంగా ఈత నేర్పించాలనుకుంటే ఈ వేసవికి నా సలహా ఈతకొలనే. విజయవాడ గాంధీనగర్‌లో నగరపాలక సంస్థది సర్ విజ్జీ ఈతకొలను ఉంది. క్రికెట్‌తో పేరుపడ్డ విజయనగరం రాజకుమారుడి పేరు నీళ్లకు పెట్టడం మనవాళ్ల చమత్కారం. ముసునూరు నుంచి రోజూ వెళ్లి రావడం ఎవరివల్లా కాదు. విజయవాడలో పిన్నిగారిల్లో మేనత్తగారిల్లో ఉంటే రెండు వారాలు అక్కడుంచడమే దారి. అమ్మమ్మగారి పల్లెకొచ్చి ఈత నేర్చుకునే పట్నం పిల్లల రోజులు తిరగబడ్డాయన్నమాట.

సముద్రం లేని స్విట్జర్లాండ్ వాళ్లు ఈత చోటును ఇంకోలా సాధించారు. రాజధాని బెర్న్‌లో ఆరె నది ఊరిని చుట్టుకుని వేగంగా పారుతుంది. వేసవి సాయంత్రాల్లో జనం ఎగువన దూకి ప్రవాహంతోపాటు దిగువకు తేలుతూ వస్తారు. ఒడ్డున వరసగా మెట్లు, వాటికి ఎర్ర రంగు కమ్ములు. ఒకటి తప్పితే తర్వాతిది అందుకోవాలి. ఈత బాగా వచ్చినవాళ్లే దిగాలన్నది అక్కడ అందరికీ తెలిసిన నియమం. పారిస్‌లో సీన్ నదిలో ఈతను 1923లో నిషేధించారు. వంద కోట్ల యూరోలకు పైగా పోసి మురుగు మళ్లించి, 2025 జూలైలో మూడు చోట్ల మళ్లీ తెరిచారు. మన కుడి కాలువకు బెర్న్ ఎర్ర కమ్ములు కావాలి. ఏలూరు దగ్గర తమ్మిలేరుకు మురుగు మళ్లించే పారిస్ పని కావాలి.

గజ ఈతగాళ్లు వచ్చేలోపు

2022 జనవరి 10. సంక్రాంతి సెలవుల్లో చందర్లపాడు మండలం ఏటూరు పిల్లలు అయిదుగురు మున్నేట్లో దిగి తిరిగి రాలేదు. పోలీసులు, గజ ఈతగాళ్లు, వలలు. ఊరు ఊరంతా ఒడ్డున. ఆ ఏడాది దేశం మొత్తం మీద నీట మునిగి పోయినవాళ్లు 38 వేలకు పైగా అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క.

సినిమాల్లోలా మునిగేవాడు చేతులూపి అరుస్తాడనుకుంటాం. గాలి పీల్చుకోవడమే కష్టమైనవాడు అరవలేడు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున మునిగి తేలుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఆడుతున్నాడనే అనుకుంటారు. తీయడానికి దూకేవాడిని అతను మెడ పట్టి కిందికి తొక్కేస్తాడు, కావాలని కాదు. ఒకరి వెనక ఒకరు పోయేది అందుకే. తాడు విసరాలి, పంచె విసరాలి, కర్ర అందించాలి, ఖాళీ క్యాను విసిరినా చాలు. దూకడం ఆఖరి మాట.

బయటికి తీశాక మనవాళ్లు చేసే పని, తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పడం, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం. దానివల్ల కడుపులో నీళ్లు గొంతుకు అడ్డం పడతాయే తప్ప ఊపిరి రాదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరాడకపోతే వెంటనే నోటితో ఊపిరులిచ్చి, ఛాతీ నొక్కుతూ, ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఉప్పులో పాతిపెడితే బతుకుతారని ఫోన్లలో తిరిగిన మాట నమ్మి 2022లో బళ్లారి జిల్లాలో ఒక పిల్లాడి ఒంటిని గంటల తరబడి ఉప్పు రాశిలో ఉంచారు. ఆ తల్లిదండ్రుల్ని ఏమనగలం? చెప్పాల్సినవాళ్లు ముందుగా చెప్పలేదు.

బంగ్లాదేశ్ మనకంటే ఎక్కువ నీటితో బతికే దేశం. అక్కడ ఊరి చెరువులోనే వెదుళ్లతో చట్రం కట్టి, దాని అడుగున వెదురు తడికె పరిచి, పిల్లాడి గుండెల లోతు దాటకుండా చేసి ఈత నేర్పుతున్నారు. పాతిక మీటర్లు ఈదాలి, అర నిమిషం ఉన్నచోటే తేలాలి, ఒడ్డునుంచే ఇంకొకరిని ఎలా కాపాడాలో రావాలి. ఈ మూడూ వస్తే పాసు. పోటీల కోసం కాదు గనక స్టైళ్ల గొడవ లేదు. ఆరేళ్లు దాటిన పిల్లలందరికీ ఈత నేర్పండని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదీ ఇదే.

ముసునూరుకు ఇది అతికినట్టు సరిపోతుంది, ఒక్క మార్పుతో. వేసవిలో మన చెరువులో నీళ్లుండవు. దసరా సెలవులకు ఉంటాయి. వానలు సన్నగిల్లి, ఏరు ఇంకా ఉరుకుతున్నా చెరువు నిలకడగా ఉండే రోజులవి. ఎండ చంపదు, నీళ్లు మరీ వణికించవు. మామిడి చెట్లకు పూత రావడానికి ఇంకా సమయం ఉంటుంది కాబట్టి తోటల్లో పనీ తక్కువే. వెదురు దొరక్కపోతే సరుగుడు బాదులు. వేసవిలోనే, చెరువు ఎండి అడుగు కనిపిస్తున్నప్పుడే, ఒక మూల చదును చేసి బాదులు పాతేస్తే నీళ్లొచ్చాక గుంతల భయం ఉండదు. శవాలు తీయడానికి పిలిచే గజ ఈతగాళ్లనే ముందుగా పిలిచి పది రోజులు కూలిచ్చి నేర్పించమందాం. చేపల చెరువు పాడుకున్న పాటదారుతో ఆ మూల వరకు ముందే ఒప్పందం చేసుకోవాలి, లేకపోతే వలలు తెగాయని తగువు ఖాయం.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పాలి. మోట బావుల కాలంలో కూడా మోకు ఎక్కువగా మగపిల్లల నడుముకే. ఆడపిల్లలు గట్టున కూర్చుని చెప్పులకు కాపలా కాసేవారు. బట్టలుతకడానికో బిందె ముంచడానికో చెరువు మెట్లు దిగేది మాత్రం వాళ్లే. సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల నలభైల్లో, అదీ నీళ్ల భయం పోగొట్టుకోవడానికి ఈత మొదలుపెట్టి, 2021 మార్చిలో పాక్ జలసంధి ఈదారు. కాబట్టి వయసు దాటిందని తల్లులు తప్పించుకోవడానికీ లేదు. ఉదయం రెండు గంటలు ఆడవాళ్లకే అని పెట్టి, నేర్పేవాళ్లనూ ఆడవాళ్లనే చూడాలి. చున్నీలు, పొడుగు గౌన్లు గట్టు మీదే. నీళ్లలో గుడ్డ కాళ్లకు చుట్టుకుంటే ఎంత ఈత వచ్చినా పనికిరాదు. టీషర్టు, నిక్కరు చాలు, దానికి ఊరు ఏమనుకుంటుందోనన్నది ఊరు పెద్దలు తేల్చాల్సిన సంగతి.

బాదులు, నైలాన్ తాడు, నాలుగు ట్యూబులు, నేర్పేవాళ్ల కూలి. చెరువు చేపల పాట మీద వచ్చే డబ్బులో ఇది పెద్ద మొత్తం కాదు. బాదులు వేసవిలోనే పాతేసుకుంటే, మిగతా ఖర్చు అడగడానికి ఆగస్టు 15 గ్రామసభ ఉంది. అప్పటికి చెరువులోకి ఎన్ని అడుగుల నీరొచ్చిందో కూడా తెలిసిపోతుంది.